గాజుల పొట్లం పెట్టిన బందు

బందుకు పిలుపిచ్చినోళ్ల పేర్లు మీరు గోడల మీదనే చూసుంటరు. ఎదురుంగ కూసొని చాయ్ తాగుతుంటే ఎన్నడన్న చూసిండ్రా? ఇగో, నన్ను చూసుకోండ్రి. సిరిసిల్లల మా గల్లీ నుంచి బస్టాండు దాక ఒక మధ్యాహ్నం అంత బందు చేపిచ్చింది నేనే. జెండా లేదు, జిందాబాద్ లేదు. ఒక్క గాజుల పొట్లంతోని.

ఇది అన్నలు, అదే నక్సలైట్లు, తిరిగిన రోజుల ముచ్చట. ఇప్పుడు నవ్వుకుంటున్నం గని అప్పుడు బందంటే నవ్వులాట కాదు. తెరిస్తే ఎందుకు తెరిచినవని అన్నలు అడుగుతరు, మూస్తే ఎందుకు మూసినవని పోలీసులు అడుగుతరు. గందుకే ఎవరూ ఎవరినీ ఏమీ అడగకపోయేది. పక్కోడు మూస్తే మనం మూసుడు, పక్కోడు తెరిస్తే మనం తెరుసుడు. మా సాంచల గల్లీల అయితే తలకాయ బయట పెట్టి చూసే పని గూడ లేకుండె. సాంచలంటే మరమగ్గాలు. పొద్దంత టకటక మోగుతనే ఉంటయి. ఆ చప్పుడు ఆగిందంటే కరెంటన్న పోవాలె, బందన్న కావాలె.

మా ఇంటామె సుగుణ నన్ను పెండ్లయిన కాన్నుంచి ఒకటే మాట తిడతది. "నీకు సొంత బుద్ధి లేదు. నలుగురు ఎటు పోతే అటే పోతవు." అబద్ధం కాదు. మా షెడ్డుల ముగ్గురు మీసాలు తీయించుకుంటే నాలుగో మీసం నాదే.

ఆఖరికి కోరుట్లల మా బామ్మర్ది పెండ్లికి ముందటి వరపూజ రోజు పాపం పండింది. ఇద్దరం తయారైనం. బస్సుకు గంట టైముంది, సబ్బు తెస్తనని బజారుకు పోయిన. షెడ్డు దోస్తులు వేములవాడ పోతుండ్రు. "రారా కనకయ్యా, గంటల వద్దాం" అన్నరు. పోయిన. చేతుల సబ్బు పట్టుకొనే రాజన్న దర్శనం చేసుకున్న. సాయంత్రం ఇంటికొస్తే తాళం ఉన్నది.

సుగుణ ఒక్కతే కోరుట్ల పోయింది. రెండు రోజులకు అటునుంచి వచ్చిన చుట్టపాయనతోని కబురు పంపింది. "గురువారం పొద్దుగూకేలోపల వచ్చి తీసుకపోతే వస్త. లేకుంటే ఆ నలుగురితోనే సంసారం చేసుకోమనుండ్రి."

చుట్టపాయన ముందట సిగ్గుతోని సచ్చిన. ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు, అంటే చేస్తది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్న. ఇగ ఎవని ఎనుక పోను. నా పని నాది, నా దారి నాది.

మా ఆసామి రాజేశం, షెడ్డు ఆయనదే, సెలవు అడిగితే "సాంచల బీములకు చుట్టిన నూలు అయిపోగొట్టు, రెండు రోజులు ఉండి రాపో" అన్నడు. గురువారం తెల్లారకముందే షెడ్డుకు పోయిన. చాయ్‌కి రమ్మన్నరు, పోలే. బువ్వకు రమ్మన్నరు, పోలే. "ఏమైందిర వీనికి" అనుకుంట అందరు తమ సాంచలు ఆపి పోయిండ్రు. నాలుగు సాంచలు, నేను ఒక్కన్ని. రెండు గంటల వరకు నూలు అయిపోతది, మూడు గంటలకు కోరుట్ల బస్సు. ఈయాల దేవుడు దిగొచ్చినా సాంచ ఆపనని గట్టిగ అనుకున్న.

సుగుణకు ముందు రోజే కొన్న పచ్చగాజులు ఒక డజను పేపర్ల చుట్టి, ఆఖరు సాంచ మీద ఇనుప మొలకు వేలాడేసిన. సాంచల అదురుకు ఆ పొట్లం జారుకుంట జారుకుంట నా కండ్ల ముందటనే ఆఖరు సాంచ కింద పడ్డది. పక్కనే బెల్టు తిరుగుతున్నది. తగిలిందంటే గాజులు పిండి పిండి. ఉరికిపోయి మెయిన్ స్విచ్ బంద్ చేసిన. నాలుగు సాంచలు ఒక్కసారి ఆగినయి.

కిందికి దూరిన. పొట్లం చినిగి గాజులు నాలుగు దిక్కుల దొర్లినయి. పది నిమిషాలు పాకి పాకి ఏరిన. పన్నెండు దొరికినయి, ఒక్కటి గూడ పగల్లే. దూది పట్టిన తలకాయతోని లేచి, మెయిన్ మీద చెయ్యి వేయబోయి ఆగిపోయిన.

గల్లీల ఒక్క సాంచ మోగుతలేదు.

కరెంటు పోయిందా అని చూసిన. బల్బు వెలుగుతున్నది. బయటికి తొంగి చూస్తే ఎదురు షెడ్డు నర్సయ్య షట్టర్ గుంజుతున్నడు. నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. నేను గూడ తిప్పుకున్న. మూల మీద చాయ్ హోటలాయన పొయ్యి మీద నీళ్లు గుమ్మరిస్తున్నడు. ఎవరో పిలుపిచ్చిండ్రు, నాకొక్కనికే తెల్వదు!

ఇంకో గంట పని ఉన్నది. ఒట్టు యాదికొచ్చింది. మెయిన్ మీద చెయ్యి పెట్టిన, తీసిన. మళ్ల పెట్టిన, మళ్ల తీసిన. గల్లీ మొత్తం మూసుకుంటే నాదొక్కటి మోగితే ఎట్ల ఉంటది? షట్టర్ గుంజిన. నా షట్టర్ చప్పుడు విని, ఇంక ఎవలన్న మిగిలి ఉంటే వాళ్లు గూడ గుంజిండ్రు.

బస్టాండుకు పోతే ఆడ గూడ దుకాణాలు మూస్తున్నరు. కండక్టర్ టికెట్ల సంచి సర్దుకుంట "టౌన్ల బందంట, బస్సు కదలది" అన్నడు. పొద్దు చూస్తే పడమటికి వాలుతున్నది. అప్పుడు పంతం పట్టిన. షట్టర్ కాడ తల వంచిన గని సుగుణ కాడ వంచ. బందు ఎవలదన్న కానీ, కోరుట్ల పోవుడే. ఇంటికి పోయి సైకిల్ తీసి, గాజులు అంగీ లోపల పెట్టుకొని వేములవాడ దారి పట్టిన.

ఆ ఎండల తొక్కుడంటే ప్రాణం పోయింది. ఎదురొచ్చిన ఆటోలను గూడ ఆపి "పోకుండ్రి, సిరిసిల్లల బందున్నది" అని పుణ్యానికి చెప్పిన. రెండు ఆటోలు తిరిగి నా ముందట్నే వేములవాడ పోయినయి.

వేములవాడల చూస్తే దుకాణాలన్నీ తెరిచే ఉన్నయి. కోరుట్ల బస్సు డ్రైవరు "ఏం బందు? మాకు తెల్వదే" అన్నడు. "మాది పెద్ద బందు" అని చెప్పి, సైకిల్ బస్సు మీద ఎక్కించిన.

కోరుట్లల మా అత్తగారింటికి చేరేసరికి పొద్దు గూకుతున్నది. సుగుణ గడప కాడనే నిలబడ్డది. దుమ్ము మొకంతోని గాజులు చేతుల పెట్టిన. "బందు ఉన్నా ఆగలే, వచ్చిన" అన్న. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. వాడకట్టంత తిరిగి చెప్పింది. "ఊరంత ఒక దిక్కు పోతే మా ఆయన ఒక్కడే ఇంకో దిక్కు వచ్చిండు." మా మామ నాకు పీట వేసి కూసోబెట్టిండు. పెండ్లప్పుడు గూడ గంత మర్యాద చేయలే.

శనివారం ఇద్దరం సిరిసిల్లకొచ్చినం. గల్లీ మొదట్లనే రాజేశం, నర్సయ్య, ఇంకో పదిమంది నిలబడ్డరు. పిలుపు ఎవలిచ్చిండ్రని పోలీసు సర్కిల్ సారు రెండు రోజుల నుంచి అడుగుతున్నడట. గోడ మీద కాగితం లేదు, అన్నలు గూడ మాది కాదన్నరట.

"బస్టాండోళ్లు హోటల్ మూసిండ్రని మూసిండ్రు" అన్నడు రాజేశం. "హోటలాయన సాంచలు ఆగినయని మూసిండు. సాంచలోళ్లు నర్సయ్య ఆపిండని ఆపిండ్రు. నర్సయ్య మన షెడ్డు ఆగిందని ఆపిండు. నువ్వెందుకు ఆపినవ్‌రా?"

"గాజులు పడ్డయి" అన్న.

అందరు సుగుణ చేతుల దిక్కు చూసిండ్రు. ఆమె గాజులు చూసుకున్నది, నన్ను చూసింది.

"మరి గాజులు దొరికినంక షట్టర్ ఎందుకు మూసినవ్?" అని సుగుణ అడిగింది.

"అందరు మూసిండ్రు గదా అని."

నడుము మీద చెయ్యి పెట్టింది. "నలుగురి ఎనుక పోతవని ఇన్నేండ్లు తిట్టిన. ఆ రోజు నలుగురు దొరకక నీ ఎనుక నువ్వే పోయినవా?"

రాజేశం మొదలు నవ్విండు. తర్వాత నర్సయ్య. తర్వాత పదిమంది. సుగుణ గూడ ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నది. నాకైతే ఏడుపొస్తున్నది.

గని అందరు నవ్వుతుండ్రు గదా అని, నేను గూడ నవ్విన.