జానకి పిన్నిని చూసి ఉన్నాం, కంపెనీని చూసి కాదు

నిన్న పొద్దున్న నాతో కలిసి పనిచేసిన రాజేశ్వరి ఫోన్ చేసి జానకి పిన్ని పోయిందని చెప్పింది.

నమ్మలేదు. మొన్న సంతలో పసుపు బేరమాడుతూ కనబడిన మనిషి.

గుండె ఆగిపోయిందట. యాభై రెండేళ్లు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అనంతగిరి దగ్గర కాఫీ యూనిట్‌లో ఆవిడ మా సూపర్‌వైజర్, అందరం పిన్ని అనే పిలిచేవాళ్లం. ఇంటర్ అయ్యాక అక్కడ చేరిన నేను, నెల తిరక్కుండా మానేద్దామనుకున్నాను.

నాలుగేళ్లు ఉన్నాను. కారణం ఆవిడే.

చేరిన రెండో వారం, ఆరబెట్టిన గింజల మీద టార్పాలిన్ కప్పడం మరిచి భోజనానికి వెళ్లిపోయాను. వాన దంచేసింది. మేనేజర్ అరుస్తూ వచ్చాడు.

"కప్పమని సెప్పడం నానే మరిసిపోనాను సార్. ఈ గుంట పనికి కొత్తది" అంది పిన్ని.

అబద్ధం. పొద్దున్న రెండుసార్లు చెప్పింది.

ఆయన వెళ్లాక నన్ను ఒక్క మాట అనలేదు. పాడైన గింజలను ఎలా ఏరాలో నేర్పుతూ సాయంత్రం దాకా పక్కనే కూర్చుంది.

కాఫీ రుచి చూసే గదిలోకి బయటి నుంచి కొనడానికి వచ్చేవాళ్లకే ప్రవేశం. పిన్ని ఒకరోజు తన కింద పనిచేసే మా ఏడుగురినీ అక్కడ కూర్చోబెట్టి, తలా ఒక చెంచా ఇచ్చి రుచి చూడమంది. మా కొండ కాఫీ నేను తాగడం అదే మొదటిసారి.

"మనం పండించిందాని రుసి మనకే తెలీకపోతే ఏటి పని సేత్తన్నట్టు?" అంది.

ఆ రోజు నుంచి అది నా పని అనిపించింది.

సంగతి తెలిసి మేనేజ్‌మెంట్ ఏం చేసింది? డిసిప్లిన్ లేదని ఆవిడను గేటు దగ్గర రిజిస్టర్ రాయడానికి పంపింది.

ఆరు నెలల్లో మాలో నలుగురు మానేశారు.

అప్పుడు సిటీ నుంచి ఒక మేడమ్ వచ్చి, ఇప్పటి యూత్‌కి కమిట్‌మెంట్ ఎందుకు ఉండడం లేదో ప్రొజెక్టర్ పెట్టి గంటసేపు చెప్పింది. మీరు ఇక్కడే ఉండాలంటే ఏం కావాలో రాయమని కాగితాలు పంచింది. టీషర్టులు, క్యారమ్ బోర్డు అంటూ ఉదాహరణలు కూడా ఇచ్చింది.

మిగిలిన ముగ్గురం ఒకటే రాశాం. జానకి పిన్నిని లోపలికి పంపండి.

మర్నాడు ఆవిడనే పిలిచి, పిల్లలను రెచ్చగొట్టావా అని మా ముందే నిలదీశారు.

పిన్ని తల వంచలేదు. "నాను ఆళ్లకి పని నేర్పినాను బాబూ. ఇంకేటీ సెయ్యలేదు."

నెలాఖరుకి ఆవిడను రావద్దన్నారు. ఆ రోజే మేం ముగ్గురం మానేశాం.

నిన్న కంపెనీవాళ్లు తమ ఫేస్‌బుక్ పేజీలో పిన్ని ఫోటో పెట్టారు. మా కుటుంబ సభ్యురాలు, విధేయతకు మారుపేరు అట. కింద దండాల ఎమోజీలు.

తీసేయండి ఆ పోస్ట్.

కుటుంబమైతే మట్టి వేయడానికి ఒక్కరైనా వచ్చేవారు. పిన్ని దగ్గర పని నేర్చుకున్నవాళ్లం పద్నాలుగు మందిమి వెళ్లాం. అంత దూరం జి.మాడుగుల నుంచి బైకుల మీద వచ్చినవాళ్లున్నారు. మీలో ఎవరూ కనబడలేదు.

మాకు ఆ యూనిట్ మీద ఏ కాస్త ప్రేమ ఉన్నా, అది ఆవిడ పెట్టిన ప్రేమ. దాన్ని గేటు బయటికి పంపింది మీరే.

వెళ్లిరా పిన్నీ. నీకు శాంతి దొరకాలి.

మాకు ఆ శాంతి ఇప్పుడే వద్దు.