బోణీ అయ్యాకే బయల్దేరాం: భోగాపురం దగ్గర ఉప్పునీటి తొట్టిలో ఒక గంట

మాది నరసన్నపేటలో స్టీలు సామాన్ల కొట్టు. గల్లా దగ్గర నేను కూర్చునేవాణ్ణి, నిచ్చెన మా ఆవిడ లలిత ఎక్కేది. ఏ గిన్నె ఏ అరలో ఉందో, ఏ మూత ఏ డబ్బాదో ఆవిడకే తెలుసు కాబట్టి ఇరవై రెండేళ్ళుగా ఈ ఏర్పాటు ఇలాగే సాగిపోయింది. పెళ్ళిళ్ళ సీజన్లో రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగేదో లెక్కే లేదు. ఆ నడుము మాత్రం ఎంతకాలం ఊరుకుంటుంది? పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది చలికాలానికి, పొద్దున్నే పక్కకి దొర్లి గోడ పట్టుకుంటే తప్ప మంచం మీంచి లేవలేని స్థితికి వచ్చింది. శ్రీకాకుళంలో డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకకేం భయం లేదు, కండరాలు బిగుసుకుపోయాయి, నడుముకి విశ్రాంతి కావాలి అన్నాడు. విశ్రాంతి మందుల షాపులో దొరికితే ఎంత బాగుండునో అని నేను జోకు వేశాను. డాక్టరు నవ్వాడు. లలిత నవ్వలేదు.

ఆ రోజుల్లోనే మా దగ్గర సరుకు ఆర్డర్లు తీసుకునే ఏజెంటు తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. భోగాపురం దాటి సముద్రం ఒడ్డుకి వెళ్తే ఒక కొత్త రిసార్టు, అందులో మసాజులు చేసే స్పా, ఆ స్పాలో ఫ్లోట్ ట్యాంకు అని ఒక తొట్టి. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత పెద్దది. మోకాలి లోతు కూడా లేని గోరువెచ్చని నీళ్ళలో బస్తాలకొద్దీ ఉప్పు కలుపుతారు. అందులో పడుకుంటే మునగమన్నా మునగం. లలిత ఆ ఫోను తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "గంటసేపు నడుం మీద బరువే ఉండదాండీ?" అని ఏజెంటుని రెండుసార్లు అడిగింది. ఆవిడ తనకోసం నోరు విప్పి ఏదీ అడిగే మనిషి కాదు. రెండుసార్లు అడిగిందంటే ఎంత ఆశపడిందో నాకు అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా నేనేం చేశానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం దారి, ఖర్చు కూడా మధ్యలో చెబుతాను.

ముందుగా ఫోన్ చేసి టైము తీసుకోవాలి. తొట్టి ఒకటే ఉంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరే వెళ్ళాలి. గంట తొట్టి, ముప్పావుగంట మసాజు కలిపి మనిషికి మూడు వేల రెండొందలు, శని ఆదివారాల్లో ఇంకాస్త ఎక్కువ. మేం మంగళవారం పెట్టుకున్నాం. పదకొండుకి లలిత, పన్నెండున్నరకి నేను. ముందురోజు సాయంత్రం షట్టరు దించుతుంటే ఆవిడ, "రేపు కొట్టు తియ్యకండి. పొద్దున్నే సరాసరి పోదాం" అంది. నేను వినలేదు. ఏడింటికే తీసి, బోణీ చేసుకుని, ఎనిమిదికల్లా మూసి బస్సెక్కుదాం అన్నాను. పండగైనా పెళ్ళైనా బోణీ చేసుకుని కదలడం మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. అగరువత్తి వెలిగించాక బోణీ కాకుండా షట్టరు దించితే వారమంతా గల్లా ఎండిపోతుందని మా ఇంట్లో భయం.

ఆ పొద్దున్న ఏడింటికి అగరువత్తి వెలిగించాను. ఏడున్నరైంది, ఎనిమిది కావొచ్చింది, ఒక్క పురుగు కూడా గుమ్మం తొక్కలేదు. లలిత కొత్త చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఎనిమిదికి లేచి నా దగ్గరికొచ్చి, "మరైతే నానే కొంటాను, ఓ గరిటి ఇవ్వండి. బోణీ అయిపోద్ది" అంది. "ఇంటోళ్ళ డబ్బులు బోణీ కిందకొస్తాయేటే?" అని నవ్వేశాను. తొమ్మిదిన్నరకి ఒక పల్లెటూరి ఆవిడ వచ్చింది. టీ వడకట్టే జల్లెడ కావాలంది. గల్లా పక్కనే వేలాడుతున్నవి చూపిస్తే నచ్చలేదు. "అదిగో, ఆ పైన ఉన్నాది సూడు, అది తియ్యి తల్లీ" అంది. లలిత సంచీ కింద పెట్టి, కొంగు దోపుకుని నిచ్చెనెక్కింది. అది కాదంది, ఆ పక్కదంది, దాని పక్కదంది. మొదటి బేరాన్ని ఉత్త చేతుల్తో పంపకూడదు కదా. నాలుగుసార్లు ఎక్కింది, నాలుగుసార్లు దిగింది. ఆఖరిసారి దిగి నిచ్చెన పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. చివరికి ఆ పల్లెటూరావిడ మొదట చూపించిన జల్లెడే కొనుక్కుని వెళ్ళింది. నేను ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాను.

తొమ్మిదీ యాభైకి బస్సు దొరికింది. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం ముప్పావుగంట, పాతిక రూపాయల లోపు. అక్కడి బస్సు కాంప్లెక్సులో విశాఖ వైపు వెళ్ళే బస్సులు చాలా ఉంటాయి గానీ నాన్‌స్టాప్ ఎక్కకండి, అది భోగాపురంలో ఆపదు. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటా పావు, అరవై రూపాయల దాకా అవుతుంది. డ్రైవరు వెనక రెండో వరసలో కూర్చున్నాం. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా లలిత ముందు సీటు కడ్డీ రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం పైకి లేచేది. నేను వాచీ చూసుకుంటూ, పైడిభీమవరం దగ్గర లారీల్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆలస్యానికి ఆ లారీలే కారణమన్నట్టు.

భోగాపురం జంక్షన్లో దిగేసరికి పన్నెండూ ఐదు. అక్కడినుంచి సముద్రం ఒడ్డుకి ఆటో మాట్లాడుకోవాలి, నూట ఇరవై తీసుకున్నాడు. డ్రైవరు ఒడ్డు మీద జాలరిపేటవాడే, చేపల వేట మానేసి ఆటో కొనుక్కున్నాడట. మేం ఎక్కడికో చెప్పగానే నవ్వాడు. "ఉప్పునీళ్ళలో తేలడానికేటి బాబూ, అంత దూరం నుంచి వస్తన్నారు? మా పేటోళ్ళు రోజూ తేల్తన్నారు, ఒక్కడూ పైసా ఇవ్వడు."

లలిత ముందుకి వంగి, "మీ సముద్రంలో వెల్లకిలా పడుకోడం అవుద్దా?" అని అడిగింది.

"అల పడుకోనిస్తాదేటమ్మా?" అన్నాడు. కొంతదూరం పోయాక తనే మళ్ళీ అన్నాడు. "మా ఇంటిదానికీ నడుం నొప్పే. సేపల తట్ట మోసి మోసి వచ్చినాది. వచ్చీటప్పుడు నాకే ఫోన్ సెయ్యండి. బాగుంటే సెప్పండమ్మా, దాన్నీ ఓసారి తెస్తాను."

స్పాలో అడుగుపెట్టేసరికి పన్నెండూ ఇరవై. లోపల చల్లగా, ఏదో నూనె వాసనతో, గుసగుసగా మాట్లాడాలనిపించేలా ఉంది. టేబులు దగ్గర చీపురుపల్లి అమ్మాయి ఒకతె ఉంది. మర్యాదగానే చెప్పింది. "పదకొండు గంటలది వెళ్ళిపోయిందండి. పన్నెండున్నరదే ఉంది. రెండింటి నుంచి వైజాగ్ వాళ్ళు సాయంత్రం దాకా తీసుకున్నారు. ఒక్కరికే అవుతుంది. తొట్టి, దాని తర్వాత మసాజు. ఎవరు వెళ్తారో చూసుకోండి." ఆ మాట అంటూనే, రాసుకున్నది నా పేరు మీద కాబట్టి, తెల్లటి పొడుగాటి అంగీ, చెప్పులు, బట్టలు పెట్టుకునే అర తాళంచెవి నా చేతికిచ్చింది. నేను తీసుకుని బట్టలు మార్చుకునే గదిలోకి నడిచాను. అంతే. చొక్కా విప్పాను, పంచె విప్పాను, అంగీ తొడుక్కుని నాడా కట్టుకున్నాను. అద్దంలో చూసుకుని, నాటకాల్లో రాజుగారిలా ఉన్నానని మురిసిపోయాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, లలితని అడగాలి కదా అని. అలాగే బయటికొచ్చి అడిగాను, "నువ్వెళ్తావేటే?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నాకు సీకటంటే భయమండీ. మీరెల్లండి" అంది.

లోపల ఎలా ఉంటుందో చెబుతాను. ముందు సబ్బుతో స్నానం చేయిస్తారు. చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తని బిరడాలిస్తారు. ఆ రోజు గడ్డం గీసుకోకండి. నేను గీసుకుని వెళ్ళాను, నీళ్ళు తగలగానే బుగ్గలు భగ్గుమన్నాయి. కళ్ళు అస్సలు నులుముకోకూడదు. తడి తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు చేతికందేలా పెడతారు. మూత వేసుకోవడం, తెరిచి ఉంచుకోవడం మన ఇష్టం, దీపం స్విచ్చి లోపలే ఉంటుంది. మొదట పది నిమిషాలు మెడ ఎక్కడ పెట్టాలో తెలియక బిగబట్టుకుని ఉంటాం. ఆ తర్వాత అదే వదులైపోతుంది. నీళ్ళ వేడి, ఒంటి వేడి ఒకటే కావడంతో చేతులెక్కడున్నాయో కాళ్ళెక్కడున్నాయో తెలియదు. నడుముకైతే అసలు పనే లేదు. ఏజెంటు చెప్పింది అక్షరాలా నిజం.

దీపం ఆర్పేసి ఆ చీకట్లో పడుకున్నప్పుడు, లలితకి చీకటంటే భయం లేదన్న సంగతి గుర్తొచ్చింది. మా కొట్టు వెనక సరుకు గదికి కిటికీ లేదు. కరెంటు పోయినప్పుడల్లా నేను గల్లా దగ్గరినుంచి కేకేస్తాను, ఆవిడ కొవ్వొత్తి కూడా లేకుండా లోపలికెళ్ళి, చేత్తో తడుముకుంటూ అడిగిన బిందె అడిగిన సైజులో పట్టుకొస్తుంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. భయమట! అప్పటికి పావుగంట కూడా అయ్యుండదు. లేచి, ఒళ్ళు కడుక్కుని, బయటికెళ్ళి "నువ్వు రావే" అంటే ఆవిడకి ఇంకా అరగంటైనా దొరికేది. లేవాలనే అనుకున్నాను. కానీ నీళ్ళు చాలా హాయిగా ఉన్నాయి. ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనుకున్నాను, ఆ తర్వాత ఇంకో రెండు. చివరికి నిద్రపట్టింది. టైము అయిపోయిందని సన్నగా సంగీతం మోగితే మెలకువ వచ్చింది.

మసాజు గదిలో నూనె రాసే అతను, "నొప్పి ఎక్కడుందో చెప్పండి సార్, అక్కడ ఎక్కువసేపు చేస్తాను" అన్నాడు. నాకు ఎక్కడా లేదని చెప్పాను. అతను కొంచెం ఆశ్చర్యపోయి, సరే సార్ అని భుజాలు మొదలుపెట్టాడు. చేతిలో మంచి పనితనం ఉంది. బల్ల మీద బోర్లా పడుకుని, ముఖానికి కోసిన కంతలోంచి నేలపలకలు చూస్తూ ముప్పావుగంట గడిపాను. అంతసేపూ సిగ్గుగానే ఉంది.

రెండుంపావు దాటాక బయటికొచ్చాను. లలిత వరండాలో స్తంభానికి వీపు ఆన్చి నిలబడి ఉంది. నేను చెప్పులేసుకుంటుంటే చీపురుపల్లి అమ్మాయి మెల్లగా అంది, "అమ్మగారు కూర్చోలేదండి. ఆ సోఫా మెత్తగా ఉంది, కూర్చుంటే లేవలేనన్నారు. కుర్చీ తెస్తానన్నా వద్దన్నారు." దాదాపు రెండు గంటలు. నేను బరువే లేకుండా తేలుతున్నంతసేపూ ఆవిడ నిలబడే ఉంది.

ఆటో వచ్చింది. డ్రైవరు వెనక్కి తిరిగి లలితనే అడిగాడు. "ఎలా ఉన్నాదమ్మా? మా ఇంటిదాన్ని తెమ్మంటారా?"

"ఆయన్నడగండి బాబూ, ఆయనే ఎల్లొచ్చారు" అంది. అతను నా వైపు చూశాడు. బాగుంది, తీసుకురా అన్నాను. జంక్షన్ దగ్గర దిగి ఒక చిన్న హోటల్లో భోజనం చేశాం. శాకాహారం ఎనభై రూపాయలు, పప్పుచారు బాగుంది. లలిత సగం తిని వదిలేసింది.

తిరుగు బస్సులో ఆవిడకి కిటికీ పక్క సీటు ఇచ్చాను. ఆ మాత్రం గొప్పదనం వెలగబెట్టాను. రణస్థలం దాటాక తనే అడిగింది, "సెప్పండి, ఎలా ఉన్నాది?" చెప్పాను. నీళ్ళ సంగతి, మెడ సంగతి, చేతులు కాళ్ళు ఎక్కడున్నాయో తెలియకపోవడం, అన్నీ. ఆవిడ కళ్ళు మూసుకుని, సీటుకి తల ఆన్చి, మధ్యమధ్యలో "నడుం?" అని అడుగుతూ వింది. "సీకటంటే నీకు భయమెక్కడే? ఎల్తానని అప్పుడెందుకు సెప్పలేదు?" అన్నాను.

కళ్ళు తెరవకుండానే అంది. "బట్టలు మార్చీసుకొని వచ్చి అడిగారు కదండీ."

కోపంగా అనలేదు. ఏ డబ్బా ఏ అరలో ఉందో చెప్పినట్టే చెప్పింది. ఆ తర్వాత నేను రెండుసార్లు స్పాకి ఫోన్ చేసి ఆవిడ ఒక్కదాని పేరు మీదే టైము తీసుకున్నాను. కొట్టు తియ్యను, కారు మాట్లాడాను అన్నాను. రెండుసార్లూ రానంది. "మీరు సెప్పారు కదా, విన్నాను. సాల్లెండి" అంది. బతిమాలాను, అలిగాను, లాభం లేకపోయింది. ఆశ ఉన్నప్పుడు తీసుకెళ్ళలేదు, తీసుకెళ్తానన్నప్పుడు ఆశ లేదు. ఇప్పుడు నిచ్చెన నేనే ఎక్కుతున్నాను. గల్లా దగ్గర ఆవిడ కూర్చుని, ఎడమవైపు, ఇంకా పైన అని చెబుతుంటుంది. నడుము కొంచెం నయమే. నాకు మాత్రం నిచ్చెన దిగిన ప్రతిసారీ ఆ పల్లెటూరావిడ నాలుగు జల్లెళ్ళూ గుర్తొస్తాయి. ఆ బోణీ వద్దనుకుని, లలిత అడిగిన గరిటె నవ్వకుండా చేతిలో పెట్టుంటే, ఎనిమిది గంటల బస్సు దొరికేది.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒకే సలహా. మీ ఇంట్లో నొప్పి ఎవరికుందో, టైము వాళ్ళ పేరు మీద రాయించండి. అక్కడికెళ్ళాక అంగీ, తాళంచెవి మీ చేతికిస్తే అక్కడే నిలబడి ఆ మనిషిని అడగండి. మీ ఒంటిమీద ఇంకా మీ చొక్కా ఉండగానే అడగండి.