చిన్నాన్న ఉత్తరంలో నేను దాటేసిన పేర్లు

మా తెలుగు క్రైస్తవ సంఘం వార్షికోత్సవ పుస్తకంలో చిన్నాన్న ఫోటో కింద "ఘానా దేశపు యుద్ధవిమానాలు నడిపిన పైలట్" అని అచ్చు వేయించబోతోందట మా తమ్ముడి మనవరాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన జన్మలో విమానం నడపలేదే తల్లీ అని ఎన్నిసార్లు చెప్పినా ఫోనులోంచి తల ఎత్తదు.

"ఏటి మామ్మా, ఇంజన్లు బాగుచేసినోడని రాస్తే ఎవులు చదువుతారు?" అంటుంది.

ఈ విసుగు నాకు కొత్తది కాదు. రంగూన్‌లో పుట్టి, యుద్ధం రోజుల్లో బాంబులకు భయపడి తాతయ్యతో విశాఖపట్నం చేరి, అక్కడే భారత వైమానిక దళంలో మెకానిక్‌గా కుదురుకున్న మా చిన్నాన్నను, ఘానాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ దేశం తనకంటూ ఒక వైమానిక దళాన్ని కట్టుకుంటుంటే సాయానికి పంపారు. అక్కడి కుర్ర మెకానిక్కులకు ఇంజన్ విప్పడం, బిగించడం నేర్పడమే ఆయన పని. ఆ దళానికి యుద్ధమొక్కటే పని కాదనీ, సైనికులనూ మందులనూ మోసుకుపోవడం, సరిహద్దులనూ సముద్రాన్నీ కనిపెట్టుకుని ఉండటం కూడా దాని బాధ్యతేననీ ఎంతో ముచ్చటగా రాసేవాడు.

పరదేశం నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చదివి వినిపించి, ప్రార్థన చేయడం రంగూన్‌లోనే ఉండిపోయిన మా బోటాటౌంగ్ పేట వాళ్ళ ఆనవాయితీ. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో సండే స్కూలు టీచర్ని కనుక చదివే పని నాది. ఇంజన్ల గురించి ఎంత విడమరచి చదివినా, చివరికి రేవు కూలీల దగ్గర్నుంచి దుకాణాల వాళ్ళ దాకా అందరూ కళ్ళు మూసుకుని, ఆయన విమానం కూలకుండా కాపాడమని దేవుణ్ణి వేడుకునేవారు. ఆయన కింద నేలమీదే ఉంటాడని నేను మొత్తుకుంటే, పెద్దమ్మ "ఏటైతే ఏటి, ఇమానం ఇమానమే కదా" అని నా నోరు మూయించేది.

ఈసారి మాత్రం ఊరుకోదలచుకోలేదు. మనవరాలికి రుజువు చూపిద్దామని పెట్టె దించి, ఆ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. ఆఖరి ఉత్తరం అడుగున చిన్నాన్న ఇలా రాశాడు: "నాకోసం ప్రార్థన చేసింది చాలు. నేను బిగించిన బోల్టులను నమ్ముకుని పైకెగిరేది ఈ పైలట్ పిల్లలు. కోఫీ, యావ్, క్వేసి. మీ ఊళ్ళో బర్మావాళ్ళలాగే వీళ్ళకీ పుట్టిన వారాన్ని బట్టి పేర్లు. వీళ్ళకోసం పేరుపేరునా ప్రార్థించండి."

ఆ నాలుగు వరుసలూ చూడగానే గుర్తొచ్చింది. పేర్లకు నోరు తిరగక, చదివినా వీళ్ళకు ఎక్కుతుందా అన్న చిరాకుతో ఆ ఆదివారం వాటిని దాటేసింది నేనే. అందరినీ ఇన్నేళ్ళు తిట్టుకున్నదాన్ని, సిగ్గుతో ఉత్తరం మడిచి కూర్చున్నాను.

మనవరాలు మూతి ముడుచుకుంటూనే "మెకానిక్" అని దిద్దింది. మొన్న ఆదివారం లేచి నిలబడి ఆ మూడు పేర్లూ చదివాను. సంఘంలో ఇప్పుడు పద్నాలుగు మందిమి మిగిలాం, సగం మందికి తెలుగు అందదు. అయినా మర్యాదగా ఆమెన్ అన్నారు. ఆ కుర్రాళ్ళు క్షేమంగానే దిగారో లేదో ఇప్పుడు నాకు చెప్పేవారెవరూ లేరు. ఎవరి విమానమో తెలియకపోయినా కన్నీళ్ళతో ప్రార్థించే జనం ఆనాడు గుడి నిండా ఉన్నారు. పేర్లు చదవాల్సింది నేనొక్కదాన్నే.