శవపేటిక కోసం కట్టిన బాణీ

నాన్న పోయిన ఏడాదే మా కాలేజీలో ఆ మూకీ సినిమా వేశారు. డెబ్బైల చివరి మాట. అప్పుడు అమలాపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని. ఫిలిం సొసైటీ నడిపే తోటి లెక్చరరుగారు హైదరాబాదు నుంచి ఒక భయానక చిత్రం రీళ్లు తెప్పించారు.

"దీనికి శబ్దం లేదండీ. మీరే కొత్తగా ఏదైనా కట్టి, తెర పక్కన కూర్చుని వాయిస్తారా?" అని అడిగారు. ఒప్పుకున్నాను.

మాట మా మేనత్త చెవిన పడింది. ఆవిడ నాన్నకు అక్క, చర్చి పాటల బృందానికి పెద్ద. ఆవిడ కాదంటే ఆ హార్మోనియం ముందు ఎవరూ కూర్చోలేరు.

"దెయ్యాల సినిమాకి వాయించిన చేతుల్తోనే దేవుడి పాటలు వాయిస్తావా? ఏదో ఒకటే పెట్టుకో."

"చూశాక చెప్పండి అత్తయ్యా. అప్పుడూ వద్దంటే చర్చిలో మానేస్తాను."

"చూస్తాను. ఎందుకు చూడనూ?"

ఆ చోటు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ నా పని మీద నాకు నమ్మకం ఉంది.

ప్రదర్శనకు ముందురోజు రీళ్లు గోడ మీద వేయించుకుని చూశాను. పగలు శవపేటికలో పడుకుని, చీకటి పడ్డాక లేచి వచ్చే మనిషి కథ. భయం పుట్టాలంటే చకచకా వాయించాలన్నారు తోటివాళ్లు. నాకు నచ్చలేదు. పెట్టెను వీధి వెంట మోసుకొచ్చే చోట నాలుగు స్వరాలు చాలనుకున్నాను, మోసేవాళ్ల నడక వేగంలో. ఆ నడక నాకు తెలుసు. నాన్న పెట్టె వెనక నడిచాను. అందుకే ఆ రోజు చర్చిలో ఇంకెవరో వాయించారు. ఆయనకు నేను వాయించలేదు.

మర్నాడు సాయంత్రం కాలేజీ హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. అత్తయ్య చర్చి ఆడవాళ్లతో ముందు వరసలో కూర్చుంది. మొదటి రీలంతా వెనక నుంచి ఈలలే.

"పాపం, హీరోకి గొంతు పట్టేసిందిరా! మిరియాల కషాయం ఇవ్వండి!"

రెండో రీల్లో పెట్టె వచ్చింది. నెమ్మదిగా మొదలుపెట్టాను. ఈలలు ఆగాయి. నా చూపు తెర మీదే ఉంది. తెర అంచున తలల నీడలు పడ్డాక గాని తెలియలేదు, ముందు వరస ఆడవాళ్లు లేచి నిలబడ్డారని.

"కూర్చోండమ్మా, మాకేం కనబడట్లేదు!"

"శవం వెళ్తుంటే కూర్చుంటారేంట్రా? లెండి!" అది అత్తయ్య గొంతు.

"అది దెయ్యమండీ బాబూ!"

"అయితే ఏంటంట? ఇంకా పెట్టెలోనే ఉన్నాడుగా!"

హాలంతా నవ్వింది. నవ్వుతూనే చాలామంది లేచారు. నేను ఆపలేదు. పెట్టె తెర దాటిపోయాక కూడా, అందరూ కూర్చునేదాకా ఆ నాలుగు స్వరాలే వాయించాను. కథ ముందుకు వెళ్లిపోయింది, వెళ్లనిచ్చాను. అంతసేపూ నేను వాయించింది నాన్నకే. బాణీ సరిగ్గా కుదిరిందని అప్పుడే అనిపించింది. ఇప్పటికీ ఆ అభిప్రాయం మారలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అత్తయ్య అడిగింది.

"ఎవరిదే ఆ పాట?"

"నాదేనండీ."

"మా తమ్ముణ్ణి తీసుకెళ్లేటప్పుడు వినపడాల్సింది."

"ఆయ్" అన్నాను. "మరి ఆదివారం?"

"నువ్వు రాకపోతే ఎవరు వాయిస్తారు? ఆ గుమాస్తాగారబ్బాయా? మనం రెండో చరణంలో ఉండగానే వాడు పాట ముగించేసి చెమట తుడుచుకుంటాడు. పెందలాడే రా. నీ పాటకి మాటలు కూడా రాసుకురా. మాటల్లేకపోతే మావాళ్లు పాడలేరు."

మాటలు నేను రాయలేదు. ఆ ఆదివారం జనం వచ్చి కూర్చుంటున్నప్పుడు, ఆరాధన మొదలుకాకముందు, ఆ బాణీని అలాగే వాయించాను. మాటల సంగతి అత్తయ్య అడగలేదు.