వట్టికాళ్ల నడక

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఉగాదికి ముందు నేనూ, ఇద్దరు కాలేజీ మిత్రులూ ఆత్మకూరు దగ్గర అడవి బంగళాలో ఐదు రోజులు దిగాం. రోజూ పొద్దున్నే బయల్దేరి నల్లమలలో నడిచి, సాయంత్రానికి బంగళా చేరేవాళ్లం.

రెండో రోజే నా చెప్పులు తెగిపోయాయి. మాది ఒకప్పుడు జాగీరున్న ఇల్లు. అప్పటికి నాకున్నది ఆ ఒక్క జతే. మిత్రులు జాలిపడి కొనిపెడతారేమోనని, "శ్రీశైలం మల్లన్నకు మొక్కుకున్నాను, వట్టికాళ్లతోనే నడుస్తా" అన్నాను. పళ్లు బిగించి రాళ్లలో, ముళ్లలో నడిచాను.

మూడో రోజు దారిలో, ఉగాదికి కాలినడకన శ్రీశైలం పోయే యాత్రికులు కలిశారు. మా మిత్రుడొకడు వాళ్లకు నా మొక్కు సంగతి గొప్పగా చెప్పాడు. ఆదోని వైపు ముసలమ్మ ఒకామె నెత్తురు కారుతున్న నా పాదాలు చూసి, వంగి కళ్లకద్దుకోబోయింది. మా తాతగారి కాళ్లకు ఊరంతా దండం పెట్టేదట. నేను మాత్రం వెనక్కి గెంతాను.

"వద్దవ్వా! మొక్కూ లేదు, ఏమీ లేదు. చెప్పులు తెగినాయి. కొనే శక్తి లేదు."

మిత్రులు తల దించుకున్నారు. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అబద్ధం చెప్పేకి నీకు మల్లయ్యే దొరికినాడా నాయనా? కూసో ఈడ. ముందు ముల్లు తీస్తా" అంటూ గాజుకున్న పిన్నీసు తీసింది.

మిగిలిన రెండు రోజులూ వట్టికాళ్లతోనే నడిచాను. మిత్రులు తమ చెప్పులిస్తామన్నా ఒప్పుకోలేదు. దారిలో ఎవరైనా అడిగితే "చెప్పులు లేవు" అనే చెప్పాను. ఆ రాళ్ల మీద నడవడం కంటే, ఆ మాట అనడమే నాకు ఎక్కువ కష్టమైంది.