హారన్ మూగబోయిన పూట

ఈ రోజు ఏలూరులో విద్యార్థుల వక్తృత్వపు పోటీ. ఎన్నాళ్ళుగానో వల్లెవేసిన ఉపన్యాసంతో, బహుమతి మీద కొండంత ఆశతో, గుండుగొలను నుంచి బాబాయి కారులో బయలుదేరాను. సగం దూరం వెళ్ళేసరికి రోడ్డు నిండా బాతులు. కోతలైన చేలల్లో మేపడానికి తోలుకుపోతున్నారు. బాబాయి హారన్ రబ్బరు బుడ్డి నొక్కాడు. ఉస్సుమని గాలి వచ్చింది గాని మోత రాలేదు.

"దీని సంగతి నేను చూస్తాను. ఆ పోటీ గొంతుతో నువ్వు వాటిని అదిలించరా," అన్నాడు బాబాయి.

నేను తల బయటపెట్టి, "తొలగండోయ్! దారి విడవండోయ్!" అని రాగం తీశాను. బాతులన్నీ ఆగి, మెడలెత్తి, కారు వైపే పరుగెత్తుకొచ్చాయి.

"అయ్యో, అలా సాగదీయకండి బాబూ! మేతకి మేం అలాగే పిలుస్తామండి," అన్నాడు బాతుల కాపరి. "కసిరినట్టు అరవాలండి."

కసిరాను. ఒకటి కదిలితే నాలుగు వచ్చాయి. ఇంకా గట్టిగా కసిరాను.

ఈలోగా బాబాయి బుడ్డి విప్పి చూశాడు. చిల్లేమీ లేదు. ఇత్తడి గొట్టంలో పుల్ల పెట్టి పొడిస్తే కందిరీగ కట్టిన మట్టిగూడు రాలిపడింది. హారన్ మోగగానే బాతులు కాలవలోకి దూకేశాయి.

వేళకే చేరాం. వేదికెక్కి "సభాసదులారా" అనబోయాను. ఉస్సుమని గాలి వచ్చింది. వెనక వరసలో బాబాయి నవ్వు మాత్రం చక్కగా వినిపించింది.

హారన్‌కి పుల్ల సరిపోయింది. గొంతుకేం పెట్టాలో తెలిసినవారు చెప్పండి. మిరియాల కషాయం తప్ప. అది మా పిన్ని ఇప్పటికే పట్టించేసింది.