మగ్గం మీద రెండో మనిషి

కూచునే ముందు నర్సింగం ఎప్పుడూ పడుగు మీద అరచేయి పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా జరుపుతాడు. జ్వరం ఉందేమోనని పిల్లల నుదురు చూసినట్టు. వదులైన పోగు ఉంటే చేతికే తెలుస్తుంది. అన్నం తిని వచ్చినా, బీడీ కాల్చి వచ్చినా అంతే. చేయి ఆ అంచు చేరేదాకా ఎవరు పిలిచినా పలకడు.

వరంగల్ కొత్తవాడలో అతనిది రేకుల షెడ్డు. అందులో ఉన్నది ఒక్కటే మగ్గం, కాని వెడల్పాటిది. దాని మీద జంపఖానాలు నేస్తారు. అంత వెడల్పు ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు పక్కపక్కన కూచోవాలి. ఒకడు పేక దారాన్ని సగం దాకా తెచ్చి రెండోవాడి చేతికి అందిస్తే, అతను మిగతా సగం దాటిస్తాడు. తర్వాత ఇనప పళ్ళ పంజాతో ఎవరి సగం వాళ్ళు దట్టిస్తారు. ఒకరి దెబ్బ గట్టిగా, మరొకరిది మెత్తగా పడితే జంపఖానా ఒక పక్కకు లాగుతుంది. నేల మీద పరిస్తే తిన్నగా పడుకోదు. ఇద్దరి చేతులూ ఒకటి కావాలి. అది చెబితే వచ్చేది కాదు.

మొదట్లో పక్కన అన్న కొమురెల్లి ఉండేవాడు. ఆయన పోయాక నర్సింగం భార్య లింగమ్మ కూచుంది. భుజం పట్టేసి ఆమె చేయి పైకి లేవకుండా అయ్యాక పండరి వచ్చాడు. చుట్టం కాకపోయినా మొదటి రోజు నుంచే మామా అన్నాడు. పన్నెండు పదమూడేళ్ళుగా ఖిలా వరంగల్ నుంచి వచ్చిపోతున్నాడు. గోడవతల నుంచి వినేవాళ్ళకు ఇద్దరి పంజాల చప్పుడు ఒక్కరిదే అనిపిస్తుంది.

ఆ మగ్గం మీద దిగే సరుకంతా అమెరికా పోయేది. హైదరాబాదు కంపెనీ ఒకటి రంగులు చెప్పి నూలు పంపేది, నేసినవి పట్టుకుపోయేది. వాళ్ళు అడిగే రంగులు వేరు. బూడిద రంగు, ఎండిన గడ్డి రంగు, తెల్లారే ముందు ఆకాశం లాంటి రంగు.

ఆ ఏడు వానాకాలంలో అమెరికా సర్కారు మన సరుకు మీద సుంకం పెంచింది. కంపెనీ మనిషి ఫోన్ చేసి, ఉన్నవి ఉన్నట్టు ఆపమన్నాడు. మళ్ళీ చెప్పేదాకా ఆగమన్నాడు. నేసినవి చుట్టలు చుట్టి గోడవారగా నిలబెట్టారు. టెంట్‌హౌస్ సాంబయ్యను పిలిచి చూపించారు. అతను ఒకటి విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నర్సన్నా, ఎర్రది నీలిది లేదా? ఇది పెండ్లిల పరిస్తె, ఉతకకుంట తెచ్చిండని నన్ను తిడ్తరు."

"అమెరికోళ్ళకు గిదే ఇష్టమట," అన్నాడు పండరి.

"వాళ్ళకు మురికి కనవడకుంటె చాలు కావచ్చు," అని సాంబయ్య లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే రాజేశ్వర్ రావు షెడ్డుకు వచ్చాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అప్పుడప్పుడు వచ్చి మగ్గం పక్కన స్టూలు మీద కూచోవడం ఆయనకు అలవాటు. సంగతి విని తల ఊపాడు.

"ఏదీ నిలవలేదు నర్సింగం. కాకతీయులు పోయిన్రు, ఢిల్లీ సుల్తానులు పోయిన్రు, మొగలాయిలు పోయిన్రు, నిజాం పోయిండు. సూర్యుడు అస్తమించడన్న ఇంగ్లీషోడు పోయిండు. సుంకాలు పెంచి తలుపులు మూసుకున్నోడు అప్పటికే దిగుతాండని అర్థం. వీడూ దిగుతడు."

"ఎప్పటికి దిగుతడు సార్? సంక్రాంతి లోపట అయితదా?" అన్నాడు పండరి.

అందరూ నవ్వారు. నర్సింగం మాత్రం నవ్వలేదు. ఆ మాట పట్టుకున్నాడు.

పని లేని చేతులతో కూచున్నప్పుడల్లా అదే తలుచుకునేవాడు. వాళ్ళు కూలాలి. వాళ్ళ పొగరు దిగాలి. ఆపైన ఇంకో ఆలోచన వచ్చేది. తను నేసిన జంపఖానాలు పరుచుకుని కూచున్నది ఆ దేశంలోనే కదా. ఇక్కడ బూడిద రంగు ఎవరూ కొనరు. ఏ ఇంటి నేల కోసం నేస్తున్నాడో ఆ ఇల్లే కూలాలని కోరుకుంటున్నాడు. వాళ్ళు కూలకపోతే సుంకం దిగదు. కూలితే కొనేవాడు ఉండడు. అక్కడితో ఆలోచన ఆగిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేవాడు.

వాన వెనకబట్టింది. చలి వచ్చింది. కంపెనీ నుంచి ఫోన్ రాలేదు. ఒక రోజు పండరి మోటారుసైకిల్ దిగకుండానే చెప్పాడు.

"మామా, ఊరవతల కొత్త బట్టల మిల్లుల రమ్మన్నరు. సోమారం నుంచి. భవానికి నెలలు నిండుతానయి. ఇంకెన్నొద్దులు గిట్ల కూసుంట?"

పండరి మిల్లుకు పోతే మగ్గం మీద రెండో మనిషి ఉండడు. వాడకట్టులో వెడల్పు మగ్గం తెలిసిన వాళ్ళంతా ముసలివాళ్ళు. చిన్నవాళ్ళు నేర్చుకోలేదు. రేపు ఆర్డరు వచ్చినా అందించే చేయి ఉండదు.

ఆదివారం పొద్దున అతను పండరికి ఫోన్ చేశాడు.

"ఆర్డరచ్చింది. అచ్చు అతకాలె. రా."

నిజానికి ఆర్డరూ లేదు, కొత్త నూలూ లేదు. ఏళ్ళ తరబడి మిగిలిన కండెలు, తెగిన నూలు చిలపలు సంచుల్లోంచి తీసి లింగమ్మ చేత పడుగు తయారు చేయించాడు. ఆమె ఎందుకని అడగలేదు. అతని ముఖం చూసి, బాగున్న చేత్తోనే పోగులు సర్దింది.

కొత్త పడుగును అచ్చు అంటారు. పాతది అయిపోవచ్చినప్పుడు దాని కొసలు కోయకుండా మగ్గం మీదే ఉంచి, ఒక్కో కొసకు కొత్త పోగు కొసను కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని పురి పెడతారు. ఇద్దరు ఎదురెదురుగా కూచుని అతికితే ఒక పూటంతా పడుతుంది. కొత్తవాడలో ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కలిసి అచ్చు అతికితే, అది నేయడం అయ్యేదాకా ఎవరూ లేచిపోరు. చావో దవాఖానో తప్ప. ఇది ఎవరూ రాసింది కాదు, ఎవరూ అడిగేదీ కాదు. పండరికి తెలుసు. నర్సింగానికి తెలుసు గనకే పిలిచాడు.

పండరి వచ్చాడు. బయట నిలబడి మిల్లు సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు.

"సార్, మా మామ అచ్చెక్కిస్తాండు. ఇప్పుడు రాను." లోపలికి వచ్చి నవ్వాడు. "రాజేశ్వర్ రావు సారుకు చెప్పు మామా, అమెరికా ఇంకా కూలలేదట."

నర్సింగం బూడిద గిన్నె అతని వైపు జరిపాడు.

రెండు రోజులు నేశారు. మూడో రోజు పండరి చేయి ఆగింది. నేసిన చోట వేలు పెట్టి చూశాడు. ఒకే రంగని పెట్టిన దారంలో మూడు రకాల మెరుపుంది. ఒకటి నాలుగేళ్ళ కిందటి నూలు, అప్పుడు దాన్ని తనే నేశాడు. ఇలాంటిది కంపెనీ ముట్టుకోదు.

"మామా, ఇది ఎవలకు నేస్తానం?"

నర్సింగం పంజా కింద పెట్టాడు. లింగమ్మ మూలన కండెలు చుట్టడం ఆపింది.

పండరి తిడతాడనుకున్నాడు. లేచి పోతాడనుకున్నాడు. పండరి తన పంజా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అచ్చు అయిపోయేదాక కూసుంట," అన్నాడు. "దారం అందియ్యి."

ఆ సాయంత్రం దాకా రెండు పంజాల చప్పుడూ ఒక్కటిగానే వినిపించింది. నర్సింగానికి అది భరించరానిదయింది.

పొద్దు వాలుతుండగా అతను ఖిలా వరంగల్ నడిచి వెళ్ళాడు. రాతి తోరణం దగ్గర రాజేశ్వర్ రావు వాకింగ్ ముగించి, విరిగిన స్తంభం మీద కూచుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. టిక్కెట్టు కొన్న పిల్లలు రాతి హంసల కింద ఫోటోలు దిగుతున్నారు.

"సార్, అది నిజంగ కూలుతదా?"

రాజేశ్వర్ రావుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ముఖం చూసి, షెడ్డులో మాట్లాడినంత సులువుగా మాట్లాడలేదు.

"ఖాయంగ చెప్పలేను నర్సింగం. కూలినవాటి గురించే ఎక్కువ రాసుకున్నం. అందుకే అన్నీ కూలుతయనిపిస్తది. ఈ కాకతీయుల కోట ఇరవై ఏండ్లల్ల అయిపోయింది. రోముకు వందల ఏండ్లు పట్టింది. ఇంగ్లండు రాజ్యమంత ఇడిశిపెట్టి ఇంట్ల కూసున్నది, సావలేదు. అమెరికా కూలచ్చు, సన్నగిల్లచ్చు, మల్ల లేవచ్చు. నేనేదో పెద్ద మాటన్న ఆనాడు."

"ఈ కోట కూలినప్పుడు ఈడ నేసెటోళ్ళు ఏం జేసిన్రు?"

"అది రాసినోళ్ళు లేరు. కొందరు ఊరిడిశి పోయి ఉంటరు. కొందరు కొత్తగచ్చినోళ్ళకే నేసి ఉంటరు. మన తివాచీ పని కూడ తర్వాతచ్చిన ఇంకో సైన్యం ఎంబడే వచ్చిందంటరు."

"అంటె కూలినా మనకు ఒరిగేది లేదు."

"లేదు."

"నిలవడ్డా లేదు."

రాజేశ్వర్ రావు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "చాయ్ తాగుదాం పా," అన్నాడు. నర్సింగం అప్పటికే నడుస్తున్నాడు.

పండరి ఇల్లు కోట లోపలే, మట్టి గోడ పక్కన. అతను ఇంటికి వచ్చి మళ్ళీ బజారుకు పోయాడు. అతని భార్య భవాని గడప మీద కూచుని ఉంది. నర్సింగాన్ని చూసి లేవబోయింది. వద్దన్నాడు.

"మిల్లు సారు మల్ల ఫోన్ జేసిండు మామా. రేపు పొద్దున షిఫ్టుకు రాకుంటె వేరేటోళ్ళను తీసుకుంటడట. ఈయన, నూలు మగ్గం మీదుంది, రాను అన్నడు." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆర్డరు పెద్దదేనా మామా? కాన్పు దాక పనుంటదా?"

నర్సింగం తోరణాల వైపు చూశాడు. అవి నాలుగు వైపులా నిలబడే ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన గుడి ఎప్పుడో కూలిపోయింది. అక్కణ్ణుంచి తిరిగి ఇంటికి వచ్చాడు. వండింది తినలేదు. లింగమ్మ పిలిచింది, మళ్ళీ పిలిచింది, ఆపైన తనూ తినకుండా పడుకుంది.

మర్నాడు వెలుగు రాగానే అతను షెడ్డు తలుపు తీసి, గోడకున్న కొడవలి అందుకున్నాడు. పడుగును అంచు నుంచి అంచు దాకా కోశాడు. పోగులు దూర్చే పన్నె వెనక, మళ్ళీ అచ్చు అతకడానికి మిగలాల్సిన కొసలు కూడా కోశాడు. బిగువు పోయిన పోగులు రెండు వైపులకూ జారి పడ్డాయి. లింగమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, బాగాలేని చేతిని రెండో చేత్తో పట్టుకుని అక్కడే నిలబడింది.

పండరి వచ్చాడు. మగ్గం చూశాడు.

"ఏంది మామా ఇది?"

"అచ్చు అయిపోయింది. మిల్లుకు పో."

"నువ్వో?"

"నా ఫికర్ నీకెందుకు? షిఫ్టుకు యాళ్ళయితాంది."

పండరి కదల్లేదు. నర్సింగం బయటికి వచ్చి, మోటారుసైకిల్‌ను తనే తిప్పి రోడ్డు వైపు నిలబెట్టాడు. అతను ఎక్కి, వెనక్కి చూడకుండా పోయేదాకా హ్యాండిల్ వదల్లేదు. తర్వాత లోపలికి వచ్చి చీపురు తీసుకుని, నేల మీది దారపు ముక్కలన్నీ ఊడ్చాడు.